పంకా ముందు మనిషి

ఆయిల్ ఇంజను హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు ఎక్కడ ఉండాలో మా పెదనాయన మాకు వందసార్లు చెప్పి ఉంటాడు. మిగతా నాలుగు వేళ్ళు ఎటువైపు ఉంటే అదీ అటే ఉండాలి. హ్యాండిల్ చుట్టూ తిప్పి పిడికిలి బిగిస్తే చెయ్యి పోతుంది. చెప్పిన మనిషే ఒకరోజు తెల్లవారుజామున, చెరకుకు తడి పెట్టాలన్న ఆత్రంలో, పిడికిలి బిగించాడు. ఇంజను ఒక్క తన్ను వెనక్కి తన్నింది. పుత్తూరు కట్టు కట్టించుకుని నెలన్నర పాటు అరుగు మీద కూర్చున్నాడు. వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ అదే బొటనవేలి పాఠం ఎడమచేత్తో చూపించి చెప్పేవాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఆ పాఠం మళ్ళీ విన్నాను. ఈసారి ఇంగ్లీషులో, ఒక విమానం దగ్గర. మా అమ్మాయి వాళ్ళింటికి అమెరికా వెళ్ళినప్పుడు అల్లుడు నన్ను పెన్సిల్వేనియాలో లాక్ హేవెన్ అనే చిన్న ఊరికి తీసుకెళ్ళాడు. పైపర్ కంపెనీ తన పసుపుపచ్చ ‘కబ్’ విమానాలను తయారుచేసిన ఊరది. ఏటా జూన్‌లో పాత పైపర్లు ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి అక్కడ వాలతాయి. తిరునాళ్ళలో ఎద్దుల బండ్లు విప్పినట్టు గడ్డిలో వరసగా నిలబెడతారు. కబ్ జె-3 రకం 1938-47 మధ్య దాదాపు 20 వేలు తయారైంది. ఆ ఉదయం నా ఎదుట ఉన్నదానికి బ్యాటరీ లేదు, స్టార్టరు లేదు, అసలు కరెంటు వైరింగే లేదు. పెట్రోలు ఎంత ఉందో చెప్పడానికి ట్యాంకు మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక తీగ, దాని అడుగున పెట్రోలు మీద తేలే బెండు. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ లోపలికి దిగుతుంది. అదే మీటరు.

ఒకాయన వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. కబ్‌లో ఒక్కరే ఎగిరితే వెనక సీట్లోనే కూర్చోవాలి, తూకం కుదరడానికి. ఇంకొకాయన, డెబ్భై దాటినవాడు, చేతి గడియారం, ఉంగరం తీసి జేబులో వేసుకుని విమానం ముక్కున ఉన్న పంకా దగ్గరకు వచ్చాడు. ముందు నేల చూశాడు. బూటు అడుగుతో గడ్డిని రెండుసార్లు రాసి చూశాడు, మంచు తడి ఇంకా ఉందేమోనని. ఉంది. ఇద్దరూ కలిసి విమానాన్ని నాలుగడుగులు తోసి పొడి నేల మీదికి తెచ్చారు. చక్రాల ముందు చెక్క దిమ్మలు పెట్టారు. తోక చక్రానికి తాడు కట్టి, రెండో కొస నేలలో దిగేసిన ఇనుప కొక్కేనికి ముడేశారు. వెనక సీటు ఆయన మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. అప్పుడు మొదలైంది వాళ్ళ మాట.

“పెట్రోల్ ఆన్. స్విచ్ ఆఫ్. థ్రాటిల్ క్లోజ్డ్. బ్రేక్స్ సెట్,” అన్నాడు ముందున్నాయన, ఒక్కొక్కటీ ఆగి ఆగి.

లోపలాయన వెంటనే పలకలేదు. ఒక్కొక్కటి చూసి, చేత్తో తాకి, తర్వాత అదే వాక్యాన్ని తిరిగి చెప్పాడు. అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ వాళ్ళ శిక్షణ పుస్తకంలో ఈ సంభాషణ దాదాపు ఇలాగే అచ్చయి ఉంటుంది. అందులో ఇంకో మాట కూడా ఉంటుంది. లోపల కూర్చున్నవాడు పైలటే అయినా, ఈ కాసేపూ పెత్తనం పంకా ముందున్నవాడిది. అతను చెప్పందే లోపల ఏ మీటా కదలకూడదు.

ముసలాయన పంకాను మెల్లగా నాలుగైదుసార్లు తిప్పాడు, సిలిండర్లలోకి కాస్త పెట్రోలు ఆవిరి పీల్చుకోవడానికి. నన్ను దగ్గరకు పిలిచి వినమన్నాడు. ప్రతి అరచుట్టుకూ పంకా ఒకచోట మొరాయిస్తుంది. అక్కడ ఒక పిస్టన్ గాలిని నొక్కుతోందన్నమాట. నాలుగు సిలిండర్ల ఇంజను, రెండు చుట్లకు నాలుగు మొరాయింపులు. నాలుగూ ఒకేలా బలంగా ఉంటే ఇంజను ఆరోగ్యం బాగున్నట్టు. ఒకటి మెత్తగా ఉండి, పొగ గొట్టంలోంచి ‘స్‌స్’ మని గాలి జారితే, ఆ సిలిండర్ వాల్వు కూర్చోవడం లేదన్నమాట. స్టార్టరు బటన్ నొక్కేవాడికి ఈ నాడి దొరకదు.

నన్ను మళ్ళీ వెనక్కి పంపేశాడు. “బ్రేక్స్ అండ్ కాంటాక్ట్!” లోపలాయన స్విచ్ వేసి అదే మాట తిరిగి చెప్పాడు. ముసలాయన రెండు చేతులూ బ్లేడు మీద ఆనించి కిందికి లాగి, లాగిన ఊపులోనే రెండడుగులు వెనక్కి నడిచాడు. లోపల ఎక్కడో ‘టక్’ మంది. ఆ వెంటనే ఇంజను గొంతు సవరించుకుంది. బ్లేడు ఉన్నచోట గాలి తప్ప ఏమీ కనబడలేదు.

‘ఆన్’ అనకుండా ‘కాంటాక్ట్’ అనడం ఎందుకంటే, గాలి హోరులో ‘ఆన్’, ‘ఆఫ్’ రెండూ ఒకేలా వినబడతాయి. ఒక అక్షరం తేడాకు చేతులు పణం పెట్టడం దేనికి?

కరెంటే లేని విమానంలో మంట ఎలా పుట్టింది? కాస్త వయసున్నవాళ్ళకు లూనాలు, టీవీఎస్ 50లు గుర్తుండే ఉంటాయి. బ్యాటరీ ఊసు లేకుండా పెడల్ తొక్కితే అందుకునేవి. వాటిలో ఉన్నట్టే ఇందులోనూ ఉన్నది మాగ్నెటో. ఒక శాశ్వత అయస్కాంతం ఇంజనుతో పాటు తిరుగుతుంది. దాని పక్కన ఇనుప దిమ్మె మీద చుట్టిన రాగి తీగ కాయిల్. అయస్కాంతం తిరిగితే కాయిల్లో కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో పట్టుకున్న సూత్రమే. ఆ కరెంటు బాగా పుంజుకున్న క్షణంలో ‘పాయింట్లు’ విడిపోతాయి. దారి తెగేసరికి కరెంటు ఒక్కసారిగా పడిపోతుంది, దానితో పాటు అయస్కాంత క్షేత్రమూ కూలిపోతుంది. ఆ కూలడంతో, అదే దిమ్మె మీద వేల చుట్లు చుట్టిన సన్నతీగలో వేల వోల్టులు పుడతాయి. ప్లగ్గు మొనల మధ్య దూకేది ఆ వోల్టేజీయే. బయటినుంచి ఎవరూ ఏమీ ఇవ్వనక్కర్లేదు. పంకా తిరిగితే చాలు, నిప్పు పుడుతుంది.

మరి స్విచ్ ఏం చేస్తుంది? ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ప్రశ్నే.

మనింట్లో స్విచ్ ఆఫ్ చేస్తే తీగ మధ్యలో ఖాళీ ఏర్పడి కరెంటు ఆగుతుంది. మాగ్నెటో స్విచ్ అలా కాదు. దాన్ని ఆఫ్ చేస్తే ఖాళీ మూసుకుంటుంది, ఖాళీ ఏర్పడదు. పాయింట్లు విడిపోయినా కరెంటు దారి తెగకుండా, ఒక పక్కదారి ఇచ్చి, ఇంజను ఇనుములోకి మళ్ళిస్తుంది. ఎర్త్ చేస్తుందన్నమాట. దారి తెగదు కాబట్టి క్షేత్రం ఒక్కసారిగా కూలదు, నిప్పు పుట్టదు. ఆపడమంటే కలపడం. ఇప్పుడు ఆ పక్కదారి తీగ ఎక్కడో అదురుడుకు విరిగిందనుకోండి, లేదా స్క్రూ వదులై ఊడిందనుకోండి. స్విచ్ మీద ‘ఆఫ్’ అనే ఉంటుంది. లోపల మాగ్నెటో మాత్రం బతికే ఉంటుంది. ఇంట్లో తీగ తెగితే దీపం ఆరిపోతుంది. ఇక్కడ తీగ తెగితే దీపం ఆరడం మానేస్తుంది.

ఇంత తిరకాసుగా ఎవరు పెట్టారు అనిపిస్తుంది. కావాలనే పెట్టారు. యంత్రాన్ని గీసేవాడు ఎప్పుడూ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది చెడిపోతే ఎటు ఒరగాలి? రెండువేల అడుగుల ఎత్తున ఒక తీగ తెగితే ఇంజను ఆగిపోవాలా, ఆగకుండా తిరుగుతూ ఉండాలా? సమాధానం అందరికీ తెలిసిందే. అందుకే విమానం ఇంజనుకు మాగ్నెటోలు రెండు, సిలిండరుకు ప్లగ్గులు రెండు. కబ్ ఇంజనుకు నాలుగు సిలిండర్లయితే ప్లగ్గులు ఎనిమిది. బ్యాటరీ మీద ఆధారపడకూడదు. తెగిన తీగ నిప్పును ఆర్పకూడదు. ప్రతి నిర్ణయమూ పైన ఎగురుతున్నవాడి పక్షమే. ఆ పక్షపాతం బరువంతా పడేది కింద, పంకా ముందు నిలబడినవాడి మీద.

మన లైన్‌మన్లు స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటారు. ఎల్‌సీ ఇచ్చారని తెలిసినా, అనుభవమున్నవాడు ఎర్త్ రాడ్ వేయకుండా తీగ మీద చెయ్యి వెయ్యడు. ‘ఆఫ్’ అన్నది ఎదుటివాడి మాట మాత్రమే. పంకా దగ్గరా అంతే. స్విచ్ ఆఫ్‌లో ఉందని చూసినా, విన్నా, పంకాను ముట్టుకునే ప్రతిసారీ అది అందుకోబోతోందనే అనుకోవాలి. పెట్రోలు పీల్పించడానికి మెల్లగా తిప్పేటప్పుడు కూడా. ముసలాయన ఆ నాలుగైదు చుట్లూ కాళ్ళు ఎలా పెట్టి తిప్పాడో, అసలు స్టార్ట్ చేసేటప్పుడూ అలాగే పెట్టాడు.

కబ్‌లో ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి విమానాల్లో ఇంజను ఆపాలంటే పెట్రోలు మిశ్రమాన్ని కట్టేస్తారు. సిలిండర్లలో ఉన్నది మండిపోయి ఇంజను దానంతటదే ఆరిపోతుంది. పాత కబ్‌లను మాత్రం సాధారణంగా స్విచ్ కట్టేసే ఆపుతారు. పంకా ఆగాక కూడా లోపల మండని పెట్రోలు ఆవిరి మిగిలే ఉంటుంది. ఇంజను వేడిగా ఉండి, ఎక్కడైనా మసి పొక్కు ఎర్రగా కాలుతూ ఉంటే, ఏ మాగ్నెటో సాయమూ లేకుండానే ఒక పేలుడు పేలవచ్చు. ఒక్క పేలుడు చాలు పంకా అరచుట్టు తిరగడానికి. ఆ అరచుట్టు దారిలో ఎవరి మోచెయ్యి ఉందన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఆ ‘టక్’ సంగతి. మా పెదనాయన చేతి సంగతీ ఇందులోనే ఉంది.

పెట్రోలు ఆవిరి నిప్పు తగలగానే మొత్తం ఒక్కసారి మండిపోదు. మంట ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకడానికి కాస్త సమయం పడుతుంది, సెకనులో వెయ్యోవంతులు కొన్ని. అందుకని పిస్టన్ ఇంకా పైకి వస్తూండగానే ముందుగా నిప్పు అంటిస్తారు. మెకానిక్కులు ‘అడ్వాన్స్’ అనేది దీన్నే. కబ్‌లోని 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజనులో ఇది సుమారు 30 డిగ్రీలు. నిమిషానికి 2300 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ 30 డిగ్రీలు దాటడానికి పట్టే కాలం సెకనులో వెయ్యోవంతులు రెండు. లెక్క సరిపోతుంది. పిస్టన్ పైకి చేరి కిందికి తిరిగే వేళకు మంట పూర్తి బలం అందుకుంటుంది.

అదే ఇంజనును చేత్తో, సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పామనుకుందాం. అవే 30 డిగ్రీలు దాటడానికి ఇప్పుడు సెకనులో వెయ్యోవంతులు 83 పడతాయి. మంట అప్పుడే అంటుకుని, మొత్తం పాకి, పూర్తి బలంతో కిందికి నెడుతూ ఉంటుంది. పిస్టన్ మాత్రం ఇంకా మెట్లెక్కుతున్న ముసలివాడిలా పైకి వస్తూనే ఉంటుంది. ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. పంకా వెనక్కి తిరుగుతుంది, దాన్ని గట్టిగా పట్టుకున్న చేతిని కూడా తీసుకుని. బుల్లెట్ బండి కిక్ కొట్టి కాలు బెణికించుకున్నవాళ్ళకు ఈ భౌతిక శాస్త్రం ఒంటికి తెలుసు. డీజిల్ ఇంజనులో నిప్పు వేరేలా పుడుతుంది గానీ, తన్నే తీరు ఇదే.

చేత్తో తిప్పే వేగానికి మాగ్నెటోలో పుట్టే నిప్పు కూడా బలహీనంగా ఉంటుంది. ఈ రెండు జబ్బులకూ ఒకే మందు కనిపెట్టారు, ఇంపల్స్ కప్లింగ్ అని. ఇంజనుకూ మాగ్నెటోకూ మధ్య ఒక స్ప్రింగు. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాగ్నెటో ఇరుసును ఒక కొక్కెం పట్టి ఆపుతుంది. ఇంజను ముందుకు పోతూ స్ప్రింగును చుడుతుంది. పిస్టన్ పైకి చేరుకునే వేళకు కొక్కెం జారి, స్ప్రింగు ఒక్క విదిలింపుతో అయస్కాంతాన్ని గిర్రున తిప్పుతుంది. నిప్పు ఆలస్యంగానూ వస్తుంది, బలంగానూ వస్తుంది. నేను విన్న ‘టక్’ అదే. ఇంజను అందుకున్నాక వేగానికి కొక్కేలు బయటికి విసిరేసినట్టై మళ్ళీ అడ్డుపడవు. చిటికెన వేలంత స్ప్రింగు, రెండు ఇనుప ముక్కలు, ఎక్కడా కరెంటు లేదు. నా మటుకు నాకు ఆ ఇంజనులో అన్నిటికంటే అందమైన భాగం అదే. అయితే అది అరిగిపోతే, లేదా అది లేని మాగ్నెటోను పొరపాటున ముందు ఆన్ చేస్తే, నిప్పు మళ్ళీ 30 డిగ్రీలు ముందే పడుతుంది. అందుకే చాలా ఇంజన్లలో కప్లింగ్ ఉన్న ఎడమ మాగ్నెటోను మాత్రమే ఆన్ చేసి తిప్పమంటారు.

పంకాను పట్టుకునే పద్ధతికి వస్తే, మన ప్రాణభయమే ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కొత్తవాణ్ణి పంకా ముందు నిలబెడితే భయంకొద్దీ దూరంగా నిలబడతాడు. నడుం వంచి, చేతులు చాచి బ్లేడు అందుకుంటాడు. ఒంటి బరువంతా కాలివేళ్ళ మీదికి వస్తుంది. ఇంజను అందుకోగానే బ్లేడు చేతుల్లోంచి పోతుంది, ఆనుకున్నది పోయిన ఒళ్ళు ముందుకు తూలుతుంది, సరిగ్గా పంకాలోకి. అందుకే దగ్గరగా నిలబడాలి. చెయ్యి చాచినంత దూరం కంటే కాస్త తక్కువలో, నిటారుగా, రెండు కాళ్ళ మీదా బరువు నిలిపి, లాగుతూనే వెనక్కి అడుగు వేయడానికి వీలుగా. అరచేతులు బ్లేడు మీద ఆనాలి తప్ప వేళ్ళు దాన్ని చుట్టుకోకూడదు. బొటనవేలు కూడా. నిలబడిన చోట తడి గడ్డి, గులకరాళ్ళు, ఒలికిన ఆయిలు ఉండకూడదు. మెడలో కండువా, చున్నీ, వేలాడే ఐడీ కార్డు, చేతికి కడియం ఏవీ ఉండకూడదు.

తప్పు జరిగితే దిద్దుకునే వ్యవధి ఎంత? కబ్ పంకా ఒక కొస నుంచి ఇంకో కొసకు 1.8 మీటర్ల పైచిలుకు. ఇంజను అందుకుని మందంగా, నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకుందాం. సెకనుకు పది చుట్లు. బ్లేడులు రెండు కాబట్టి, ఒకచోట చెయ్యి పెడితే సెకనుకు ఇరవైసార్లు బ్లేడు వస్తుంది. కొసల వేగం గంటకు 200 కిలోమీటర్లకు పైన. ప్రమాదాన్ని కన్ను చూసి, మెదడుకు చెప్పి, చెయ్యి వెనక్కి రావడానికి ఎంత చురుకైనవాడికైనా సెకనులో అయిదోవంతు పడుతుంది. ఈలోపు బ్లేడు నాలుగుసార్లు వచ్చి వెళ్ళిపోతుంది. ఇక్కడ జాగ్రత్త అనేది ముందే పడాల్సిన పని. తర్వాత పడే జాగ్రత్తకు సమయం లేదు.

అలవాటు కూడా శత్రువే. అమెరికా ఇంజన్లలో చాలావాటికి, ఎదురుగా నిలబడితే, మన ఎడమ చేతివైపు బ్లేడు కిందికి దిగుతుంది. ఇంగ్లండు వాళ్ళ టైగర్ మాత్‌లోని జిప్సీ మేజర్ ఇంజను దీనికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. కుడివైపు బ్లేడు దిగుతుంది. ఒకదాని మీద పదేళ్ళు చెయ్యి తిరిగినవాడు రెండోదాని ముందు నిలబడితే, ఒంటికి పట్టిన అలవాటు అతణ్ణి తప్పు వైపుకే అడుగు వేయిస్తుంది.

టైగర్ మాత్ మనకూ పరాయిది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదు బేగంపేటలో కొత్త పైలట్లకు ఓనమాలు నేర్పిన స్కూల్లో ఆ రెండంతస్తుల రెక్కల విమానాలే ఉండేవి. ‘కాంటాక్ట్’ అనే కేక ఆ మైదానంలో రోజూ వినిపించి ఉంటుంది. తర్వాత మన బెంగళూరు హిందుస్థాన్ కంపెనీలో వి.ఎం. ఘాటగే బృందం ‘పుష్పక్’ను తయారుచేసింది. 1958లో మొదటిసారి ఎగిరిన ఈ రెండు సీట్ల విమానం దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లకు గురువు. దాని 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజను కూడా స్టార్టరు లేని రకమే. మన పాత పైలట్లలో ఎంతోమంది మొదట నేర్చుకున్న పాఠం ఎగరడం కాదు, పంకా తిప్పేవాడితో మాట్లాడటం.

పంకా తిప్పడానికి మనిషికి బదులు యంత్రాన్ని పెట్టాలన్న ఆలోచన పాతదే. 1903లో రైట్ సోదరుల విమానాన్ని కూడా పంకాలు చేత్తో లాగే స్టార్ట్ చేశారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇంజన్లు పెద్దవై, చేతులకు లొంగలేదు. బ్రిటిష్ పైలట్ బెంట్‌ఫీల్డ్ హక్స్ ఒక ఫోర్డ్ మోడల్-టి లారీ మీద పొడవాటి ఇరుసు అమర్చి, దాన్ని పంకా మధ్యలో దూర్చి తిప్పే ఏర్పాటు చేశాడు. ఇంగ్లండులో షటిల్‌వర్త్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది. తర్వాత తుపాకి తూటా లాంటిదాన్ని పేల్చి ఆ వాయువుతో తిప్పే స్టార్టర్లు, ఆ తర్వాత కరెంటువి. చిన్న విమానాల్లో మాత్రం బరువు, ఖర్చు కలిసొస్తాయని చేతినే ఉంచేశారు.

ఇంతవరకూ మనిషికి తగిలే దెబ్బ గురించే చెప్పాను. రెండో ప్రమాదం విచిత్రమైనది. మనిషికి ఏమీ కాదు, విమానమే వెళ్ళిపోతుంది.

1955 ఆగస్టు 30న ఆస్ట్రేలియాలో సిడ్నీ పక్కన బ్యాంక్స్‌టౌన్ మైదానంలో ఒక ఆస్టర్ విమానం దిగింది. లోపల పైలట్ ఒక్కడే. ఇంజను ఆగిపోతే కిందికి దిగి పంకా తిప్పాడు. ఇంజను అందుకుంది, విమానం కదిలింది, అతను పక్కకు తప్పుకున్నాడు. అది మైదానం దాటి, గాలిలోకి లేచి, ఎవరూ లేకుండా సిడ్నీ నగరం మీద గుండ్రంగా తిరుగుతూ పైపైకి ఎక్కింది. వైమానిక దళం ఒక వీరావే విమానాన్ని పంపింది; వెనక సీట్లోంచి బ్రెన్ గన్‌తో కాల్చినా పడలేదు. మీటియర్ జెట్ వచ్చింది. దాని గన్లు మొరాయించాయి. చివరికి నౌకాదళం సీ ఫ్యూరీలు వచ్చి, విమానం సముద్రం మీదికి వెళ్ళాక కూల్చాయి. అప్పటికి అది రెండు గంటలకు పైగానే గాలిలో ఉంది. ఎవరికీ గీత కూడా పడలేదు. వాళ్ళ పత్రికలకు అంత పండగ ఎప్పుడో గానీ దొరకదు.

మనిషి లేకుండా అంతసేపు ఎలా ఎగిరింది? చిన్న విమానాలను గీసేటప్పుడే వాటికి తమంతట తాము నిలదొక్కుకునే గుణం పెడతారు. ముక్కు దిగితే వేగం పెరిగి దానంతటదే లేస్తుంది. ఒక రెక్క వాలితే మెల్లగా సర్దుకుంటుంది. అలసిపోయిన పైలట్‌కు సాయంగా పెట్టిన గుణమది. ఇక్కడా యంత్రం పైనున్నవాడి పక్షమే. పైనున్నవాడు లేడన్న సంగతి దానికి తెలియదు, అంతే. 1997లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలోనూ ఇలాగే ఒక చిన్న ఏరోంకా యజమానిని నేల మీద వదిలేసి, పెట్రోలు అయిపోయేదాకా ఎగిరింది.

థ్రాటిల్ మూసి ఉంటే మందంగా తిరిగే ఇంజను విమానాన్ని గాలిలోకి లేపలేదు. మరి థ్రాటిల్ తెరిచి ఉండటం ఎలా జరుగుతుంది? నిర్లక్ష్యం వల్లే అనుకోనక్కర్లేదు. చాలాసార్లు చిరాకు వల్ల. ఎండలో వేడెక్కిన ఇంజను మొరాయిస్తుంది. పది లాగులు, పదిహేను లాగులు. స్కూటరుకైనట్టే పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి. దానికి వైద్యం ఉంది: స్విచ్ కట్టేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, పంకాను వెనక్కి కొన్ని చుట్లు తిప్పితే ఎక్కువైన పెట్రోలు పోతుంది. ఆ తర్వాత థ్రాటిల్‌ను మళ్ళీ మూయాలి. చెమటలు కారుతూ, నడుం నొప్పితో, చుట్టూ నలుగురు చూస్తుండగా, ఆ ఒక్క పని మరుపుకొస్తుంది. మరుసటి లాగుకు ఇంజను అందుకుంటుంది, పూర్తి బలంతో. తోకకు తాడు లేకపోతే, లోపల తెలిసినవాడు లేకపోతే, ఇక దాని వెంట పరిగెత్తడమే. పరిగెత్తి రెక్క పట్టుకున్నవాళ్ళున్నారు. పట్టుకున్న రెక్క ఇరుసవుతుంది, విమానం దాని చుట్టూ తిరుగుతుంది, పంకా పట్టుకున్నవాడి వైపే వస్తుంది.

ఒంటరిగా ఎగిరే కబ్ పైలట్లు కొందరు అసలు ముందుకే వెళ్ళరు. కబ్ తలుపు కుడివైపు ఉంటుంది, కుడివైపు బ్లేడే కిందికి దిగుతుంది. ఆ వైపున పంకా వెనక నిలబడి, ఎడమచేత్తో తలుపు చట్రాన్ని పట్టుకుని, ఒక కాలు చక్రానికి అడ్డుపెట్టి, కుడిచేత్తో బ్లేడును కిందికి లాగుతారు. విమానం ముందుకు కదిలినా పంకా వాళ్ళ నుంచి దూరంగానే పోతుంది. థ్రాటిల్, స్విచ్ దాదాపు చేతికందే దూరంలోనే ఉంటాయి. ముందు నుంచా, వెనక నుంచా అన్నది వాళ్ళలో తెగని వాదం. పైలట్‌ను కాని నాకు వెనక పద్ధతే బుద్ధికి నచ్చింది. ముసలాయన మాత్రం ఒప్పుకోలేదు. “వెనక నిలబడితే ఒక చెయ్యే. నాకు రెండు చేతులూ కావాలి,” అన్నాడు.

స్టార్టరు ఉన్న ఇప్పటి విమానాల్లో బ్యాటరీ దిగిపోతే చేత్తో తిప్పేద్దాం అనుకోవడం మాత్రం ఏ పద్ధతిలోనూ తెలివి కాదు. కబ్ ఇంజను గాలిని నొక్కే నిష్పత్తి 6.3, ఇవాళ్టి సెస్నాల్లో 8.5 దాకా ఉంటుంది. అంటే వెనక్కి తన్నే బలమూ ఎక్కువే. ముక్కు కింద చక్రం ఉన్న విమానాల పంకా నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి వంగక తప్పదు. వంగడం ఎందుకు ప్రమాదమో పైన చెప్పాను. కొన్నిటిలో ఇంపల్స్ కప్లింగ్ బదులు బ్యాటరీతో నడిచే పరికరం నిప్పును ఆలస్యం చేస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే అదీ చచ్చినట్టే, నిప్పు ముందే పడుతుంది. ఇంత సాహసం చేసి స్టార్ట్ చేసినా ఫలితం తక్కువే. ఆల్టర్నేటరు కరెంటు పుట్టించడం మొదలుపెట్టాలంటే బ్యాటరీ నుంచి కాస్త కరెంటు అందాలి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ అదీ ఇవ్వలేదు.

లాక్ హేవెన్‌లో ఆ కబ్ ఊరి మీద రెండు చుట్లు తిరిగి, సస్క్వహానా నది పక్కగా దిగి, వెళ్ళిన చోటికే వచ్చి ఆగింది. లోపలాయన వెంటనే ఇంజను ఆపలేదు. మందంగా తిరుగుతుండగా స్విచ్‌ను ఒక్క రెప్పపాటు ఆఫ్ చేశాడు. ఇంజను గొంతు పడిపోయింది. వెంటనే ఆన్ చేశాడు, మళ్ళీ అందుకుంది. ఎర్త్ తీగ తెగలేదని చూసుకునే పరీక్ష అది. రెండు మాగ్నెటోలూ నిజంగానే నోరు మూసుకుంటున్నాయని తేలాక, అసలు ఆఫ్. పంకా రెండుసార్లు ఊగి నిలబడింది.

ముసలాయన చక్రాలకు దిమ్మలు పెట్టడానికి వెళ్ళాడు. దగ్గరి దారి ముక్కు ముందు నుంచి నాలుగడుగులు. ఆయన రెక్క కొస దాకా నడిచి, చుట్టూ తిరిగి వచ్చాడు.

మా అల్లుడు అప్పటికే ఫోన్ తీసి, “మామయ్యా, పంకా మీద చెయ్యి వేసి నిలబడండి, ఫోటో తీస్తాను,” అన్నాడు. నేను రెక్క కింద నిలబడి తీయించుకున్నాను.